వాగులో మూడుసార్లు

సత్తెమ్మ అబద్ధమాడదని గుమ్మడిదల పక్కన మూడూళ్లకు తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఆమె మొగుడు పొలంగట్టు మీది హద్దురాయిని మూరెడు పక్కకు జరిపి, పంచాయితీలో ఏమీ ఎరగనట్టు తల గోక్కుంటుంటే, ఈమె ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడి, "జరిపింది మా ఆయననే. నేను సూసిన" అనేసింది. ఆర్నెల్లు మొగుడు ఆమెతో మాట్లాడలేదు. ఇల్లు అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని తర్వాత ఆమె చెప్పుకుని నవ్వేది. ఊరికి మాత్రం ఆ రోజు నుంచి ఆమె మాట శిలాశాసనమైంది. ఎవరి కోడి ఎవరి దొడ్లో గుడ్డు పెట్టిందన్న తగాదా వచ్చినా, "సత్తెమ్మను అడుగుండ్రి. సూస్తే సూసిన అంటది, సూడకుంటే సూడలే అంటది" అనేవాళ్లు.

ఆ మంచిపేరే ఒక మనిషి కన్ను తీసింది.

ఊరికి ఎగువన మందుల కంపెనీ ఉంది. కంపెనీ గోడ పక్కనుంచే వాగు వస్తుంది. కొన్ని పొద్దుల్లో లేచి చూసేసరికి వాగు నిండా నురగ ఉంటుంది, కల్లుకుండ పొంగినట్టు. ఆ రోజు ఊళ్లో కిటికీలు తెరవరు. కలెక్టరాఫీసుకు అర్జీలు పోయాయి, ఫొటోలు దిగారు, పేపర్లో కూడా పడింది. అయితే ఊళ్లో సగం ఇళ్ల పిల్లలకు ఆ కంపెనీలోనే కొలువు. తిట్టే నోరూ తినే నోరూ ఒకటే అయినప్పుడు తిట్టు గట్టిగా రాదు. అందుకని ఊరు వాగును చూసి ముక్కు మూసుకోవడం నేర్చుకుంది.

సత్తెమ్మ మొగుడు పోయి ఎనిమిదేళ్లు. కూతురు నర్సాపూర్‌లో కాపురం. ఆమెకు మిగిలింది వాగు ఒడ్డున రెండెకరాలు, మూడు బర్రెలు, ఇంటి వెనక రేకుల కప్పు కింద రెండు గదులు. గదులు కంపెనీ పనివాళ్లకు కిరాయికిచ్చేది. ఎక్కడి నుంచి వచ్చినా ఆమెకు వాళ్లంతా బీహారోళ్లే. వాళ్లకు నీళ్లు పట్టుకోవడానికి వేరే నల్లా పెట్టించింది. చాయ్ ఇవ్వాల్సి వస్తే కాగితం కప్పులో ఇచ్చేది. ఆ కప్పుల కట్ట గూట్లో వాళ్ల కోసమే ఉండేది. అందులో తప్పేముందో ఆమెకు తోచలేదు. ఊళ్లో ఎవరింట్లోనైనా అంతే.

మహేంద్ర రెండేళ్లుగా ఆ గదుల్లో ఒకదాంట్లో ఉంటున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, బక్కపలచటి మనిషి. కంపెనీలో మురికినీళ్లు శుద్ధి చేసే చోట హెల్పరు. అక్కడి ల్యాబులో సీసాలు కడగడం, నీళ్లు పట్టి తెచ్చివ్వడం అతని పని. వచ్చిన కొత్తలో, "అమ్మా, బీహార్ నహీ, ఝార్ఖండ్" అని రెండుసార్లు చెప్పాడు. "ఆ, అదేలే" అంది సత్తెమ్మ. మూడోసారి అతను చెప్పడం మానుకున్నాడు.

శ్రావణంలో మొదటి బర్రె, గంగి, చచ్చింది. వాగు దగ్గర మేసి వచ్చి, నోటి వెంట చొంగ కారుస్తూ దొడ్లో కూలబడిపోయింది. ఊరివాళ్లు వచ్చి చూసి, అయ్యో అని, ఎవరి పనికి వాళ్లు పోయారు. పశువుల డాక్టరు వచ్చేదాకా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది మహేంద్రే. డాక్టరు వచ్చేసరికి కూర్చోవడం తప్ప చేసేదేమీ మిగల్లేదు. సత్తెమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. "ఆ నీళ్లల్ల ఏం జహరున్నదో ఎవడన్న సూసి చెప్తే బాగుండు బిడ్డా. మా అసొంటోళ్లకు ఎవడు సూస్తడు?" అంది. మహేంద్ర వాగు దిక్కు చూశాడు.

"దేఖేంగే అమ్మా. నేను సూస్త" అన్నాడు.

ఆమె అతనికి కాగితం కప్పులో చాయ్ ఇచ్చింది. స్నానం చేసి వచ్చేసరికి ఆ మాట మర్చిపోయింది. ఏడుపులో ఎవరెవరో ఏవేవో అంటారు, అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

దసరా పోయిన వారానికి రెండో బర్రె కూడా అట్లాగే పోయింది. పూటకు నాలుగు లీటర్లిచ్చే బర్రె. ఇక మిగిలింది ఇంకా ఈనని పడ్డ ఒక్కటే. సత్తెమ్మకు ఈసారి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అట్లాంటి కోపం మహా చెడ్డది. దానికి ఒక మొహం కావాలి.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆమె పొలానికి పోతూ సర్కారు తుమ్మల వెనక ఆగింది. వాగు ఒడ్డున మహేంద్ర గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీపు ఈమె వైపు. అటూ ఇటూ దొంగచూపులు చూశాడు. చేతిలో సీసా ఉంది, మూత బిగించి గలగలా ఊపాడు. మూత తీసి సీసాలోది వాగులో పారబోశాడు. వంగాడు, లేచాడు, మళ్లీ ఊపాడు, మళ్లీ పారబోశాడు. మూడోసారి కూడా అట్లాగే చేశాడు. తర్వాత ఇంకోసారి వంగి, లేచి, సీసాను సంచిలో దాచుకుని గబగబా పోయాడు.

ఆమె చూసింది ఇంతే. ఇందులో ఒక్క వీసమెత్తు అబద్ధం లేదు.

ఇంటికి వచ్చేసరికి మహేంద్ర తన నల్లా దగ్గర బకెట్ నింపుకుంటున్నాడు. "రామ్ రామ్ అమ్మా" అన్నాడు ఎప్పటిలాగే. సత్తెమ్మ మొహం తిప్పుకుంది. ఇద్దరి మధ్యా పదడుగుల దూరం. పొద్దున వాగులో ఏం పోస్తున్నావురా అని అడగడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని ఆమె మొహం తిప్పుకోవడానికి వాడుకుని, నేరుగా మరిది ఇంటికి పోయింది.

మరిది కొమురయ్య ఊరికి పెద్దమనిషి. అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆమె చెప్పిందంతా విని బీడీని అరుగుకేసి నలిపాడు.

"మూడుసార్లా?"

"మూడు."

"ఇంక పొద్దు పొడవలే గదా?"

"పొడుస్తున్నది."

"మొఖం ఎటు పెట్టిండు వదినె?"

"తూర్పుకు."

ఆ ఒడ్డున కూర్చున్నవాడు తూర్పుకు తప్ప ఇంకెటు తిరిగినా వాగుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తట్టలేదు. కొమురయ్య గొంతు తగ్గించి, "బాణామతి" అన్నాడు. చేతబడికి ఆ పక్కల పేరది. ఆ మాట ఒకసారి నోట్లోంచి బయటికొస్తే మళ్లీ లోపలికి పోదు. మూడు పోతలు, పొద్దు పొడుపు, తూర్పు దిక్కు, చచ్చిన బర్రెలు. ఇంకేం కావాలి?

కొమురయ్య కొడుకు మల్లేష్ నవ్వాడు. అతను కంపెనీకి కూలీలను సప్లై చేసే కాంట్రాక్టరు, రెండు ఫోన్లు పట్టుకు తిరిగే మనిషి. "బాణామతి లేదు, గీణామతి లేదు నాయినా. కెమికల్ పోస్తున్నడు వాడు. ల్యాబుల సీసాలు దొంగతనం జేసి తెచ్చి పోస్తున్నడు. వీళ్ల బుద్ధి నాకు తెల్వదా? వందమందిని సూసిన" అన్నాడు. ఆ వందమందినీ తెచ్చి పనిలో పెట్టింది తనేనని అతనికి గుర్తు రాలేదు. సీసాడు మందుతో వాగు నిండా నురగ రాదన్న చిన్న లెక్క కూడా ఎవరికీ రాలేదు. రోజూ కంపెనీ వెనక గేటు నుంచి ట్యాంకర్లు వాగు దిక్కే బయల్దేరేది ఊరంతా చూస్తూనే ఉంది మరి. పెద్దలకు బాణామతి నచ్చింది, పిల్లలకు మందు నచ్చింది. కట్టె మాత్రం అందరికీ ఒకటే సరిపోయింది.

మూడో రోజు పొద్దున తుమ్మల్లో పదిమంది కాపు కాశారు. మహేంద్ర వచ్చాడు, సీసా తీశాడు. ఒకసారి పోశాడు. రెండోసారి పోశాడు. మూడోసారి పోసేదాకా ఆగారు, అది రుజువు కదా. తర్వాత మీద పడ్డారు.

సత్తెమ్మ పోయేసరికి అతను బురదలో మోకాళ్ల మీద ఉన్నాడు. అంగీ చినిగిపోయింది. చేతులు అడ్డం పెట్టుకుని, "టెస్టింగ్ భయ్యా, టెస్టింగ్!" అని అరుస్తున్నాడు. దొంగకు ఆ మాత్రం ఇంగ్లీషు రాదా అన్నారెవరో. సత్తెమ్మను చూడగానే అతని మొహం ఒక్కసారిగా తేటపడింది. అమ్మయ్య, మనమనిషి వచ్చింది అన్నట్టు. తర్వాత ఎన్నాళ్లైనా ఆమెను నిద్రపోనివ్వనిది ఆ మొహమే.

"అమ్మా! ఆప్ బోలో అమ్మా! అమ్మకు తెల్సు! అమ్మకు చెప్పిన!"

జనం ఆమె వైపు తిరిగారు. సత్తెమ్మకు ఒళ్లు మండిపోయింది. నా బర్రెల్ని చంపింది చాలక నన్ను కూడా ఇందులోకి గుంజుతున్నాడా వీడు?

"నాకేం జెప్పినవ్‌రా? ఎన్నడు జెప్పినవ్?"

కొమురయ్య చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. న్యాయం న్యాయంగా జరగాలి కదా. "వదినె, నువ్వు అబద్ధమాడవు. సీసతోని పోసిండా, లేదా?"

"పోసిండు."

"నీ కండ్లతోని సూసినవా?"

"సూసిన. మూడుసార్లు పోసిండు."

ఆ తర్వాత ఎవరి కట్టె ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. తెలిసినా చెప్పరు. ఒక దెబ్బ మాత్రం అతని ఎడమ కంటి మీద పడింది. అతను కన్ను పట్టుకుని ముందుకు వంగిపోయాడు. అప్పుడు కూడా రెండో చేత్తో సంచిని పొట్ట కిందికి లాక్కున్నాడు. చూశారా, ఇంకా దాస్తున్నాడు అని అరిచారు.

పోలీసులు వచ్చి తీసుకుపోయారు. ఆ కన్ను ఇక రాదని దవాఖానాలో చెప్పారట. సంచిలోని రెండు సీసాల మీద కంపెనీ చీటీలున్నాయి. ల్యాబు నుంచి సీసాలు దొంగిలించాడనీ, ఆ మనిషితో తమకే సంబంధమూ లేదనీ, ఆ రోజు నుంచే తీసేశామనీ కంపెనీ ఒక కాగితం రాసిచ్చింది. వాగు పాపమంతా ఒక హెల్పరు నెత్తిన పడితే కంపెనీకి అంతకంటే ఏం కావాలి? కొట్టినవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. గుంపుకు పేరుండదట. సత్తెమ్మ ఠాణాలో తను చూసింది చూసినట్టు చెప్పి, వంకర అక్షరాలతో సంతకం పెట్టింది. ఇంటికొచ్చి ఆ గదికి తాళమేసింది. పసుపునీళ్లు చల్లి కడిగితే గానీ ఇంకొకరికి కిరాయికి ఇవ్వనని చుట్టుపక్కలవాళ్లతో అంది.

మహేంద్ర జైలుకు పోయిన అయిదో రోజున వాగు మళ్లీ నురగ కక్కింది. ఆ తర్వాత వారం కూడా కక్కింది. ఊరు ముక్కు మూసుకుంది. సత్తెమ్మ పడ్డను ఇంటి దగ్గరే కట్టేసి బోరు నీళ్లు పెడుతూ, మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటుంటే, వాడు ముందు పోసిందే ఇంకా వస్తుందేమోలే అని తనకు తను చెప్పుకుంది. పారే వాగులో పోసింది ఎన్నాళ్లుంటుంది? ఆ ప్రశ్నను పక్కకు నెట్టింది.

నలభై రోజులకు ఊరివాళ్ల పాత అర్జీ ఏదో బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పాకి, ఆఖరికి కదిలింది. సర్కారు ల్యాబు నుంచి జీపులో హైమావతి అనే ఆమె వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. వాళ్ల నాన్న గోదావరి జిల్లా నుంచి సర్కారు ప్లాంటులో కొలువుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మాట మాత్రం ఇంకా అక్కడిదే. బర్రెలు ఎక్కడ నీళ్లు తాగేవో చూపించమంటే సత్తెమ్మ వెంట పోయింది.

హైమావతి చేతులకు తొడుగులు వేసుకుంది. ఒడ్డున గొంతుక్కూర్చుంది, అదే చోట. కొత్త సీసా తీసింది. వాగులో ముంచి కొన్ని నీళ్లు పట్టింది. మూత బిగించి గలగలా ఊపింది. మూత తీసి వాగులో పారబోసింది.

సత్తెమ్మ ఇంకో అడుగు ముందుకేసి చూసింది.

హైమావతి మళ్లీ ముంచింది, ఊపింది, పారబోసింది. మూడోసారీ అంతే. నాలుగోసారి నిండా పట్టి మూత బిగించింది.

"ఎందుకు పారబోస్తున్నవమ్మా?" అంది సత్తెమ్మ.

"కడగొద్దా పెద్దమ్మా? సీసాలో పాతదేదన్నా అంటుకుని ఉంటే పరీక్ష తప్పొస్తుందండీ. అందుకని ఏ నీళ్లు పడతామో ఆ నీళ్లతోనే ముందు మూడుసార్లు కడగాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చేసేదే."

"మూడుసార్లే?"

"మూడేనండీ. మాకు నేర్పేదే అంత."

సత్తెమ్మ వెనక్కి తిరిగింది. యాభై ఆరేళ్ల మనిషి ఇల్లు చేరేదాకా ఉరికింది. తాళం తీసి గదిలోకి పోయింది. చాప, దండెం మీద ఒక లుంగీ, మూల గోధుమపిండి సంచి. పోలీసులు దాన్ని కాలితో తన్ని చూసి వదిలేశారు. మూతి విప్పితే లోపల పాత దుప్పటి, దుప్పటి మడతల్లో పదకొండు సీసాలు. ఒక్కో సీసాకు ఒక కాగితం అంటించి ఉంది. హిందీ రాత. సంచిని అట్లాగే ఎత్తుకుని మళ్లీ వాగు దగ్గరికి వచ్చి హైమావతి ముందు దించింది.

హైమావతి ఒక్కొక్కటీ తీసి చూసింది. "ఎవరు పట్టారండీ ఇవి? తారీఖు, టైము, చోటు, నీళ్ల రంగు, అన్నీ పద్ధతిగా రాశారు. మా వాళ్లు కూడా ఇంత ఓపిగ్గా రాయరు." మొదటి సీసాను వెలుతురుకు పెట్టి చదివింది. "ఇది ఆగస్టుది. 'సత్తెమ్మా కీ భైంస్' అని ఉంది. సత్తెమ్మ బర్రె అన్నమాట. అది చచ్చిపోయిన మర్నాడు పట్టిన నీళ్లట. 'అమ్మ అడిగింది' అని కింద రాశాడు. ఎవరు పెద్దమ్మా సత్తెమ్మంటే?"

దేఖేంగే అమ్మా. నేను సూస్త. మూడు నెలల కింద ఏడుపులో జారిపోయిన ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. అమ్మకు తెల్సు, అమ్మకు చెప్పిన. వాడు నిజంగానే చెప్పాడు. ఆమె అడిగింది, వాడు చూస్తానన్నాడు, చూశాడు. కొలువు పోతుందని భయపడి దొంగలా చూశాడు, ఎవరికివ్వాలో తెలియక దాచుకున్నాడు, అంతే. సత్తెమ్మ ఆ బురదలోనే కూలబడి, గంగి చచ్చినప్పుడు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. సంగతంతా విన్న హైమావతి సీసాలన్నీ మళ్లీ దుప్పట్లో చుట్టింది. తర్వాత, "ఈ సీసాలు ఇప్పుడు పరీక్షకు పనికిరావండీ. పట్టిన రోజే ఐసులో పెట్టాలి. ఇన్నాళ్లకు నీళ్లు మారిపోతాయి. నేను పట్టినవి చూస్తాను గానీ, ఈ పూట వాగు తేటగా ఉంది" అంది. పోయేముందు ఒక ఖాళీ సీసా, ఫోన్ నంబరు ఇచ్చింది. "నురగ వచ్చిన పూటే పట్టాలి. నేను వచ్చేసరికి పోతుంది. మీరు పట్టి ఐసులో పెట్టి ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకుంటాను. ముందు మూడుసార్లు కడగడం మర్చిపోవద్దు."

ఆ సాయంత్రం సత్తెమ్మ కొమురయ్య అరుగు ముందు నిలబడింది.

"తప్పైంది కొమురయ్యా. వాడు సీస కడిగిండు. మందు పోయలే, బాణామతి జేయలే. ఊరికి జెప్పు."

కొమురయ్య నిదానంగా బీడీ వెలిగించాడు. "అంటే, నువ్వు ఆనాడు అబద్ధమాడినవా?"

"ఆడలే. సూసింది చెప్పిన. తెల్వక చెప్పిన."

"సూసిన అన్నవు. సూసినవు. ఇగ అయిపాయె."

"అయిపోలేదు! వాడు జైల్ల ఉన్నడు. కన్ను పోయింది వానికి!"

మల్లేష్ లోపలి నుంచి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "జెర మెల్లగ మాట్లాడు పెద్దమ్మా. వాడు మంచోడైతే, కొట్టిన మేమేంది? చెప్పు. పదిమంది మీద కేసు పడ్తది. నీ మరిది కొడుకు మీద పడ్తది. కంపెనీ తప్పంటే రేపు గేటు మూస్తరు, మన పిల్లలు రోడ్డు మీద పడ్తరు. ఎక్కడినుంచో వచ్చిన బీహారోని కోసం ఊరిని తాకట్టు పెడ్తవా?"

"బీహారోడు కాదు. ఝార్ఖండ్" అంది సత్తెమ్మ.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే సిగ్గేసింది. రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట అది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని కొమురయ్య గొణిగాడు. ఇదే మనిషి, ఇదే నోటితో, నలభై రోజుల కింద నువ్వు అబద్ధమాడవు వదినె అన్నాడు. సత్తెమ్మ నిజం ఊరికి పనికొచ్చినన్నాళ్లే అది నిజం.

ఠాణాలో ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. "రాసింది రాసినట్టే ఉంటదమ్మా. కోర్టుల సాక్ష్యానికి పిలుస్తరు, అప్పుడు చెప్పుకో" అన్నాడు. ఎప్పుడు పిలుస్తారంటే ఏడాదో రెండేళ్లో అన్నాడు. సంగారెడ్డి కోర్టులో మహేంద్రకు సర్కారు పెట్టిన వకీలును వెతికి పట్టుకుంటే ఆయన ఇంకొక మాట చెప్పాడు. బెయిలు ఎప్పుడో వచ్చిందట. పదిహేను రోజులైంది. జామీను నిలబడేవాళ్లు ఈ జిల్లాలో ఒక్కరూ లేక లోపలే ఉన్నాడట.

సత్తెమ్మ ఇంటికి పోయి, పెట్టె అడుగు నుంచి పొలం పాసుబుక్కు తీసింది. ఆ పొలం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. మహేంద్ర వాయిదాకు రాకుండా సొంతూరికి పోతే కోర్టువాళ్లు దాని మీదికే వస్తారని వకీలు రెండుసార్లు చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది, ఈసారి కూడా వంకర అక్షరాలతోనే. సంగతి తెలిసి కూతురు ఫోన్లో ఏడ్చింది. కొమురయ్య ఇంట్లో ఆమెతో మాట్లాడటం మానేశారు. ఒకప్పుడు మొగుడు మాట్లాడకపోతే ప్రశాంతంగా ఉందని నవ్విన మనిషికి ఈసారి నవ్వు రాలేదు.

అతన్ని వదిలిన రోజు సత్తెమ్మ కంది ఊరి దగ్గరి జైలు గేటు ముందు పొద్దుటి నుంచి నిలబడింది. జొన్నరొట్టెలు, పప్పు తెచ్చింది, స్టీలు టిఫిన్‌లో. మధ్యాహ్నం దాటాక మహేంద్ర బయటికి వచ్చాడు. ఇంకా బక్కచిక్కాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట రెప్ప లోపలికి పోయి ఉంది. ఆమెను చూసి ఆగాడు. సత్తెమ్మ టిఫిన్ ముందుకు చాచింది. చెప్పాలని దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"నేను అబద్ధం చెప్పలే బిడ్డా" అన్నది మాత్రం వచ్చింది. ఆ మాట ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. ఎన్నో ఏళ్ల అలవాటు కాబోలు.

మహేంద్ర ఉన్న ఒక్క కంటితో ఆమెను చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నహీ అమ్మా. నువ్వు అబద్ధం చెప్పలే. నన్ను ఒక్క మాట అడగలే."

టిఫిన్ తీసుకోలేదు. వాయిదాకు తప్పకుండా వస్తాననీ, పొలానికి ఏం కాదనీ మాత్రం చెప్పాడు. ముత్తంగి దగ్గర గోదాముల్లో మోత పని చూసుకుంటాడట. హైవే మీద షేర్ ఆటో ఆపి, చేత్తో తడుముకుంటూ ఎక్కి కూర్చున్నాడు. సత్తెమ్మ ఆ రొట్టెలు మళ్లీ ఇంటికి తెచ్చుకుంది.

వారానికి వాగు నురగ కక్కింది. బాగా తెల్లవారింది. కంపెనీ షిఫ్టు బస్సు కోసం వాగు వంతెన మీద పాతికమంది నిలబడి ఉన్నారు. అందులో ఆ పొద్దు కట్టె పట్టినవాళ్లు ఆరేడుగురైనా ఉన్నారు. సత్తెమ్మ హైమావతి ఇచ్చిన సీసా పట్టుకుని అందరి ముందే ఒడ్డుకు దిగింది. అదే చోట గొంతుక్కూర్చుంది. మొహం తూర్పుకే పెట్టింది. సీసా ముంచి, మూత బిగించి, గలగలా ఊపింది. చెయ్యి పైకెత్తి అందరికీ కనబడేటట్టు వాగులో పారబోసింది.

"ఒకటి" అంది గట్టిగా.

వంతెన మీద తలలు అటు తిరిగాయి. ఆమె మళ్లీ ముంచింది, ఊపింది, పారబోసింది.

"రెండు."

ఎవరూ కదల్లేదు. ఒక్క చెయ్యి కట్టె కోసం వంగలేదు. మల్లేష్ ఫోన్ తీసి అందులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. పొలం దిక్కు నుంచి వస్తున్న కొమురయ్య ఒడ్డున ఆగాడు. నెలరోజులుగా ఆమెతో మాట్లాడనివాడు, ఆమె ఒంటరిగా బురదలో కూర్చుని ఉండటం చూసి మెత్తబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ వదినె?" అన్నాడు.

సత్తెమ్మ చెయ్యి ఆగిపోయింది. కోపంగా కాదు, అనుమానంగా కాదు, చాలా మామూలుగా అడిగాడు. పదిమంది, పది కట్టెలు, తెల్లవారకముందు నుంచి కాపలా. అంతమందిలో ఒక్కడి నోటికి కూడా ఆ రోజు రాని మాట ఇంత చిన్నది. తన నోటికి మాత్రం వచ్చిందా?

"బాణామతి జేస్తున్న. మందు పోస్తున్న. నీ కండ్లతోని సూస్తున్నవ్ గదా కొమురయ్యా, రా. వచ్చి కొట్టు" అంది.

"ఏం మాటలు వదినె అవి" అని కొమురయ్య తల దించుకుని, గట్టు దిగి ఇంటి దారి పట్టాడు. వంతెన మీదికి బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఒకరి వెనక ఒకరు ఎక్కారు, ఎవరూ వాగు వైపు చూడలేదు. సత్తెమ్మ కళ్లు తుడుచుకుని మూడోసారి నీళ్లు పారబోసి, నాలుగోసారి సీసా నిండా పట్టుకుంది.